వీపు మీద పేరు ఎవరిది?

"డప్పు కొట్టేటోళ్లకు డ్రస్సెందుకురా?" అని అడిగిండు మా ఊరి పెద్దమనిషి. నవ్వుకుంటనే అడిగిండు. ఆ నవ్వు మాకు కొత్తది కాదు. మా నాయినలు చెప్పులు తొడుక్కొని ఆయన వాకిలి ముందట నడిచిన నాడు గట్లనే నవ్విండట. మా పిల్లలు పట్నంల చదువుకొని ఇన్‌షర్టు చేసుకొని ఊర్లెకు వచ్చిన నాడు నవ్విండు. ఇప్పుడు పన్నెండు మందిమి ఒక్క తీరు నీలం టీషర్టులు తొడుక్కొని, వీపు మీద మేళం పేరు, పేరు కింద ఫోన్ నంబరు అచ్చేయించుకొని పెండ్లి బరాతుకు బయలెల్లితే మళ్లా నవ్విండు.

ఆ నవ్వు వెనుక ఒక లెక్క ఉన్నది. నంబరు ఉన్నదంటే ఫోన్ చేసి పిలవాలె. పిలిస్తే రేటు మాట్లాడాలె. రేటు మాట్లాడినంక ఒప్పుకునుడు, ఒప్పుకోకపోవుడు మా చేతిలకు వస్తది. నిన్నమొన్నటి దాకా ఆయన ఇంట్ల పీనుగు లేస్తే జీతగాడొకడు వచ్చి మా వాడ మొగదల నిలబడి ఒక్క కేక వేసేటోడు. ఆ కేకకు మా తాతలు తింటున్న కంచం ముందట నుంచి లేచి డప్పు చంకకు తగిలించుకొని ఉరికేటోళ్లు. కేక పోయి నంబరు వచ్చింది. పెద్దమనిషికి కాలింది అక్కడ.

ఉద్యమ పత్రికలో టీషర్టుల మీద వ్యాసమేందని మన సంఘం మిత్రులే కొందరు అనవచ్చు. భూమి లేదు, ఉద్యోగాల్లేవు, శ్మశానానికి జాగ లేదు, మీరేమో బనీన్ల గురించి రాస్తున్నరా అని అడగవచ్చు. ఆ సమస్యలు ఎక్కడికీ పోలేదు, వాటి మీద ఈ పత్రిక రాస్తనే ఉన్నది. కానీ ఈ నాలుగైదేండ్లలో మన పిల్లలు చాలా మంది చిన్న చిన్న సొంత పనులు మొదలుపెట్టిండ్రు. తెలంగాణలో 2021 ఆగస్టులో దళితబంధు మొదలైనప్పుడు కుటుంబానికి 10 లక్షలు వచ్చినవాళ్లు కొందరు వ్యాన్లు కొన్నరు, కొందరు టెంట్ హౌసులు, సెంట్రింగు సామాన్లు పెట్టుకున్నరు. ఏ పథకమూ అందనోళ్లు అప్పు చేసి చెప్పుల దుకాణమో, కర్రీ పాయింటో, డీజే బండో పెట్టుకున్నరు. వీళ్లంతా ఏదో ఒక రోజు బోర్డు రాయించాలె, కార్డు కొట్టించాలె, టీషర్టు అచ్చేయించాలె. ఆ రోజు ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: పేరు ఏమని వేయించాలె? మేము ఆ ప్రశ్న దగ్గర ఇరవై రోజులు కొట్లాడుకున్నం. ఆ కొట్లాట నలుగురికి తెలిస్తే పనికొస్తదని రాస్తున్నం.

ముందుగాల మన వీపుల సంగతి చూద్దాం. పొద్దున ఏడు గంటలకు మన వాడల నుంచి కూలికి పోయేటోళ్లను ఎనుక నుంచి చూడుండ్రి. ఒకని వీపు మీద సిమెంటు కంపెనీ. ఒకని వీపు మీద పత్తి విత్తనాల కంపెనీ. ఒకని మీద పురుగుమందు డబ్బా బొమ్మ, ఆ మందు కొట్టి కండ్లు మండి పడ్డది కూడా వాడే. ఎలక్షన్లు అయిపోయి ఏడాదైనా పార్టీ గుర్తులు, నాయకుల మొఖాలు మన వీపుల మీద చిరుగుతనే ఉంటయి. అడ్డ రోడ్డు మీద గోడకు రాతలు రాయాలంటే గోడ ఆసామిని అడిగి రాస్తరు. పట్నంల హోర్డింగుకు నెల నెలా కిరాయి కడతరు. మన వీపుకు మాత్రం ఉతికితే జల్లెడయ్యే ఒక పల్చటి బనీను పడేస్తే చాలు. మనం అడగం, వాళ్లు ఇయ్యరు. ఊరందరికీ ఉచిత గోడలం మనం.

మేము టీషర్టులు చేయించుకుందామని అనుకుంటున్న ముచ్చట ఎట్ల తెలిసిందో గాని, మండలంల ఒక నాయకుడు కబురు పెట్టిండు. "ఇరవై నాలుగేంది, యాభై ఇస్త. ఒక్క పైస వద్దు." వీపు మీద ఆయన ఫోటో, ఫోటో కింద ఆయన పేరు, మా మేళం పేరేమో జేబు దగ్గర చిన్నగ. మాలో ముగ్గురికి మనసు గుంజింది. వాళ్లను తప్పు పట్టం. మేము లెక్కేసుకున్న ప్రకారం ఒక్కో టీషర్టు 250 రూపాయలు, మనిషికి రెండు చొప్పున 24 టీషర్టులకు 6,000, జీఎస్‌టీ 5 శాతం 300, మొత్తం 6,300. తలా 525 రూపాయలు. కూలి చేసుకునేటోనికి ఇది చిన్న పైస కాదు.

ఆ రాత్రి వేపచెట్టు కింద కూసొని మాట్లాడుకున్నం. మాలో అందరికన్న పెద్దాయన, మేమంతా పెద్దనాయన అని పిలిచేటాయన, ఒక మాట అడిగిండు. "బిడ్డా, దొర ఇచ్చిన పాత అంగీ తొడుక్కొని నేను నలభై ఏండ్లు కొట్టిన. నేను కొట్టిన దరువు ఎవని పేరు మీద పోయింది?" ఎవరమూ మాట్లాడలే. యాపారం లెక్కన చూసినా అది నష్టమే. ఆ నాయకుని బొమ్మ వేసుకున్నంక ఎదుటి పార్టీ ఆయన బిడ్డ పెండ్లికి మమ్మల్ని పిలుస్తడా? తెల్లారి వద్దని చెప్పినం. ఆ తర్వాత ఆయన పెట్టిన రెండు మీటింగులకు మమ్మల్ని పిలవలేదు. రెండు దినాల కూలి పోయింది. ఆత్మగౌరవం ఊరికే రాదు, దానికి రసీదు ఉంటదని ఆ నెల మాకు తెలిసింది.

ఇక డప్పు గురించి నాలుగు మాటలు. కట్టె చట్రం మాది, దాని మీద బిగించే మేకతోలు మాది, సిర్ర మాది, చిటికెన పుల్ల మాది, మంట మీద కాపి శ్రుతి తెచ్చే ఒడుపు మాది. చావుకు మేము కావాలె, జాతరకు మేము కావాలె, బోనాలకు, పీర్ల పండుగకు మేము కావాలె. ఊరికి చాటింపు వేయాలన్నా మేమే. కానీ కొట్టినంక గుడి మెట్టు కాడ ఆగాలె, గ్లాసు వేరేది ఉండాలె, కూలి అడిగితే "ఏంరా కండ్లు నెత్తికెక్కినయా" అని అనిపించుకోవాలె. ఇన్ని గింజలు, ఒక పాత బట్ట, ఇంత కల్లు. దీన్ని ఆచారమన్నరు. అసలు పేరు వెట్టి.

వెట్టి నేరమని రాజ్యాంగం 23వ అధికరణం చెప్పి డెబ్బై ఐదేండ్లు దాటింది. అంటరానితనం నేరాల మీద 1955లో వచ్చిన చట్టాన్ని 1976లో సవరించినప్పుడు, అంటరానితనం పేరు మీద చచ్చిన గొడ్డును మోయమని, తోలు తీయమని, అట్లాంటి ఇంకే పనైనా చేయమని బలవంతం చేసుడు నేరమని చేర్చిండ్రు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వెట్టిని నేరం చేసింది. దానికి 2015లో చేసిన సవరణతో, 2016 జనవరి 26 నుంచి, సాంఘిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం, చేస్తమని బెదిరించుడు కూడా శిక్ష పడే నేరాలైనయి. ఇన్ని చట్టాలున్నా 2024లో మెదక్ జిల్లాలో చావుకు డప్పు కొట్టమని చెప్పిన మాదిగ కుటుంబాన్ని ఊరు వెలివేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. కాబట్టి మా వీపు మీద నంబరు చూసి పెద్దమనిషి నవ్వుడు చిన్న విషయం అనుకోకుండ్రి. నవ్వు ఒక మెట్టు, వెలి ఇంకొక మెట్టు. రెండూ ఒక్క ఇంటి మెట్లే.

ఇప్పుడు అసలు కొట్లాటకు వద్దాం. టీషర్టు మీద ఊరి పేరు ఉండాలె, నంబరు ఉండాలె. దాని మీద పేచీ లేదు. "మాదిగ డప్పు" అని వేద్దామా, ఒట్టి "డప్పు" అని వేద్దామా?

వద్దన్నోళ్లు మాలో నలుగురు. వాళ్లు పిరికోళ్లు కాదు, ముగ్గురు కేసులు మోసినోళ్లే. వాళ్ల వాదన ఇట్ల ఉన్నది. ఊర్లె అందరికీ మన కులం తెలుసు, రాసినా రాయకున్నా ఒక్కటే. కానీ మన గిరాకీ ఇప్పుడు ఊర్లె లేదు, పట్నంల ఉన్నది. ఫంక్షన్ హాళ్లోళ్లు, అపార్టుమెంటు గణపతి కమిటోళ్లు, కాలేజీలోళ్లు పిలుస్తున్నరు. వాళ్లు డప్పు విననీకి పిలుస్తరు, కులం చదవనీకి కాదు. ఆ మాట కనబడితే సగం మంది ఫోన్ చేయరు. మన కడుపు మీద మనమే కొట్టుకునుడెందుకు?

ఈ భయం ఉట్టిది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ కలిసి చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. ప్రైవేటు కంపెనీలకు ఒక్క తీరు చదువు, ఒక్క తీరు అనుభవం రాసి దరఖాస్తులు పంపిండ్రు, పేర్లు మాత్రం మార్చిండ్రు. దళిత పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చినయి. మనిషిని చూడలే, పని చూడలే, పేరు చూసిండ్రు. అంతకు ముందటేడు, 2006లో, గ్రామీణ భారతంలో అంటరానితనం మీద ఒక సర్వే పుస్తకంగా వచ్చింది. 11 రాష్ట్రాలల్ల 565 ఊర్లు తిరిగి రాసినది. పాల సహకార సంఘాలున్న ఊర్లల్ల సగానికి దగ్గర దగ్గర దళితులు పోసిన పాలు తీసుకుంటలేరని అందుల తేలింది. బర్రెకు కులం లేదు, గడ్డికి లేదు, పాలకు మాత్రం అంటుకుంటది. కర్రీ పాయింటు పెట్టుకున్న మన చెల్లె బోర్డు మీద ఇంటిపేరు రాయించకపోతే ఆమెను మేము ఒక్క మాట అనం.

కావాలన్నోళ్ల వాదన వేరే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఏం నేర్పింది? తిట్టుగా వాడిన మాటను పేరు ఎనుక గర్వంగ రాసుకొమ్మన్నది. అప్పుడు మా వాడల ఎంత మంది తమ పేరు పక్కన మాదిగ అని చేర్చుకున్నరో మాకు యాదికున్నది. స్కూల్ల హాజరు పిలిచేటప్పుడు సారు ఆ మాట మింగేస్తుంటే పిల్లగాడు లేచి "పూర్తిగ పిలువు సార్" అన్నడు. ఆ ఉద్యమం పేరే డప్పు మీద నుంచి వచ్చింది. దండోరా అంటే చాటింపే కదా. డప్పు మీద గెలుచుకున్న మాటను డప్పు కొట్టేటోని వీపు మీద నుంచి తీసేయాల్నా?

మాటను దాయకుండ యాపారం చేసేటోళ్లు కూడా దేశంల ఉన్నరు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు ధారావి చర్మకారులతో కలిసి సంచులు చేయించి, ఆ దుకాణానికి చమార్ స్టూడియో అనే పేరు పెట్టిండు. ఉత్తరాదిన చమార్ అనేది తిట్టు. ఆ తిట్టే ఇప్పుడు సంచి మీద ముద్ర. 2016లో చంద్రభాన్ ప్రసాద్ కారం, పసుపు, పచ్చళ్లు అమ్మనీకి దళిత్ ఫుడ్స్ అనే పేరు పెట్టిండు. తినే వస్తువు మీద ఆ మాట. మేము వాళ్ల లాభనష్టాల గురించి మాట్లాడుతలేం. పేరు చూసి వద్దనుకునేటోడు వద్దనుకోనీ అని ముందే తెగించి అచ్చేసిండ్రు, ఆ తెగింపు గురించి చెప్తున్నం.

ఈ వాదన మధ్యల డిగ్రీ చదువుతున్న ఒక పిల్లగాడు లేచి వేరే ప్రశ్న వేసిండు. మనుస్మృతి పదో అధ్యాయంల చండాలురు పీనుగుల మీది బట్టలు కట్టాలని, పగటిపూట ఊర్లెకు పని మీద వస్తే రాజు వేసిన గుర్తులు పెట్టుకొని తిరగాలని రాసి ఉన్నది. "ఇప్పుడు మనమే 525 రూపాయలు కట్టి గుర్తు వేయించుకుంటున్నమా అన్నా?" అన్నడు. మంచి ప్రశ్న. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టించిండు. ఆ సభల రోజులల్లనే అక్కడికి వచ్చిన మన ఆడబిడ్డలతో బట్ట కట్టే తీరు గురించి మాట్లాడిండు. అంటరానోళ్లని గుర్తుపట్టేటట్టు చీర కట్టొద్దన్నడు, ఆ గుర్తుగా మోస్తున్న బరువు నగలు తీసేయమన్నడు. మరి బాబాసాహెబ్ గుర్తు తీసేయమంటే మీరు వేయించుకుంటున్నరని పిల్లగాని అనుమానం.

మేము చెప్పిన జవాబు ఇది. రాజు వేసిన గుర్తును విప్పే హక్కు మనిషికి లేదు. మా టీషర్టును మేము పని అయిపోయినంక విప్పి దండెం మీద ఆరేసుకుంటం. ఆ గుర్తు చూసి జనం పక్కకు జరగాలె, ఈ గుర్తు చూసి జనం ఫోన్ చేయాలె. అది ఉచితంగ చేయించుకునేటందుకు, ఇది కూలి తీసుకునేటందుకు. పిల్లగాడు సగమే ఒప్పుకున్నడు. మిగిలిన సగం కోసం అతను ఇప్పటికీ మాతో వాదన పెట్టుకుంటడు, పెట్టుకోవాలె కూడా.

బాబాసాహెబ్ బొమ్మ వేయిద్దామని కొందరన్నరు. దీన్ని మాత్రం మేము గట్టిగ వద్దన్నం. జయంతి నాడు బొమ్మ వేసుకొని ఊరేగింపు తీసుడు వేరు. యాపారం టీషర్టు చెమటల నానుతది, పొగల మసిబారుతది, ఏడాదికి చిరిగి బండి తుడిచే గుడ్డయితది. ఆ గుడ్డ మీద ఆయన మొఖం ఉండుడు మాకు ఇష్టం లేదు. ఇంకొకటి కూడా ఉన్నది. మా రేటు మేము చెప్పుకోవాలె, మా మాట తప్పితే తిట్లు మేమే తినాలె. దానికి ఆయన బొమ్మను అడ్డం పెట్టుకునుడెందుకు? నీలం రంగు చాలు. ఎరుకైనోనికి ఎరుకైతది.

చివరికి చేతులెత్తి లెక్కబెడితే మాదిగ అనే మాట ఉండాలన్నోళ్లు ఎనిమిది మంది, వద్దన్నోళ్లు నలుగురు. ఉండాలని తీర్మానం అయింది.

ఇక అచ్చు సంగతి. ఇది తెలియక మోసపోయేటోళ్లు చాలా మంది ఉన్నరు గనక కొంచెం వివరంగ చెప్తం. అచ్చు దుకాణంల ముందుగాల చవక రకం చూపెట్టిండ్రు, పాలిస్టరుది, డ్రై ఫిట్ అంటరు. క్రికెట్ ఆడేటోళ్లకు మంచిదేమో గాని మాకు పనికిరాదు. డప్పు కాపేటప్పుడు మంట పక్కన నిలబడాలె. నిప్పు రవ్వ పడితే నూలు బట్టకు బొక్క పడతది, పాలిస్టరు కరిగి తోలుకు అంటుకుంటది. నూలుదే తీసుకున్నం, 180 జీఎస్‌ఎం. జీఎస్‌ఎం అంటే బట్ట మందం లెక్క, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతదో చెప్తది. ఎలక్షన్ల బనీన్లు దీనికన్న మస్తు పల్చగ ఉంటయి. ఇట్లాంటి బట్ట తమిళనాడులోని తిరుప్పూరు నుంచి వస్తది, బనీన్ల పట్నం అది. అక్కడి మిషన్ల మీద కూసొని కుట్టే పిల్లలల్ల మనసొంటి వాడల నుంచి పోయినోళ్లు ఎందరో. ఆ బతుకు మీద ఇంకోసారి రాయాలె.

దుకాణాయన అన్ని టీషర్టులకు వేసినట్టే ఎడమ ఛాతీ మీద పేరు, ఎనుక ఏం లేకుండ నమూనా చూపిండు. ఆయనకు డప్పు తెలవదు. డప్పు వారు ఎడమ భుజం మీద నుంచి దిగుతది, డప్పు ఛాతీకి, కడుపుకు ఆనుకొని ఉంటది. ముందట ఏం రాసినా కనబడదు, వారు రాపిడికి నెల రోజులల్ల అచ్చు లేచిపోతది. పైగ ఊరేగింపుల మేము ముందట నడుస్తం, పిల్లవాడి తరఫు జనమంతా మా ఎనుక వస్తరు. మా వీపును గంట సేపు చూస్తరు. నంబరు ఉండాల్సింది అక్కడ. పెద్ద అక్షరాలు, నంబరు ఇంకా పెద్దగ, రాత్రి లైట్ల కింద కనబడేటట్టు ముదురు నీలం మీద తెలుపు. నీ పని ఎట్ల ఉంటదో నీకే ఎరుక. చెప్పుల దుకాణమోడు కింద కూసొని పని చేస్తడు, ఆయనకు ముందట ఉండాలె. సెంట్రింగోళ్లను జనం కింద నుంచి చూస్తరు. దుకాణాయన చూపిన నమూనాకు ఊ కొట్టకుండ్రి.

అచ్చు రెండు మూడు తీర్ల ఉంటది. స్క్రీన్ ప్రింటింగుల ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారు చేయాలె. పది వేసినా రెండు వందలు వేసినా స్క్రీన్ ఖర్చు ఒక్కటే, అందుకే ఎక్కువ వేస్తే చవక పడతది, రంగులు పెరిగితే ధర పెరుగుతది. ముదురు బట్ట మీద తెలుపు ఒక్క పూతకు సరిగ పట్టదు, రెండో పూత అడగాలె. డీటీఎఫ్ అని ఇంకొకటి, ఫిల్ము మీద అచ్చేసి వేడితో బట్టకు అంటిస్తరు. ఎన్ని రంగులైనా, అయిదారు టీషర్టులైనా వేస్తరు. కానీ వీపు మీద అంత పెద్ద ముక్క అంటిస్తే దాని కింద చెమట ఆరదు. సబ్లిమేషన్ అనేది పాలిస్టరుకే పడతది, అది కూడా లేత రంగుకే. మాకు ఒక్క రంగు, 24 టీషర్టులు, స్క్రీన్ అచ్చు సరిపోయింది. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకాలె, అచ్చు మీద ఇస్త్రీ పెట్టొద్దు.

సైజుల కాడ మా తప్పు ఒకటి బయటపడ్డది. చిన్నాయన కొలతలు రాసుకుంటుంటే ఆయన బిడ్డ అడిగింది, "మాకు లేవా?" అని. ఆమె మా కన్న మంచిగ దరువేస్తది, సభలల్ల కొట్టింది. పెండ్లిళ్లకు మాత్రం ఏనాడూ తోలుకపోలే. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు, రెండో ఆర్డర్ల ఆమె సైజు, ఇంకో ఇద్దరి సైజులు రాసినం.

సగం పైసలు అడ్వాన్సు ఇచ్చి వచ్చినం. పదో దినం టీషర్టులు వచ్చినయి. బట్ట మంచిది, రంగు మంచిది, నంబరు కరెక్టే. వీపు మీద మాదిగ డప్పు అని లేదు. జానపద డప్పు అని ఉన్నది.

అడిగితే దుకాణాయన ఏమాత్రం బెదరలే. "మీ మంచికే మార్చిన. ఆ మాట బాగుండదు, గిరాకీ పోతది" అన్నడు. మేము కాయితం మీద రాసిచ్చిన మాటను కొట్టేసి, మాకు ఒక్క ఫోన్ చేయకుండ, మా పైసలతోటి, మా వీపుకు తనకు నచ్చిన పేరు పెట్టిండు. ఆయన చెడ్డోడు అని మేము అంటలేం. గడీల దొర లెక్క తిట్టలే, చాయ్ తాగిపిచ్చిండు. మర్యాదగనే మా పేరు తీసేసిండు. మన పేరు వింటే వాళ్లకు ఇబ్బంది, ఆ ఇబ్బందిని మన మంచి అని మనకే అమ్ముతరు. పట్నంల కులం ఇట్లనే పని చేస్తది.

తప్పు మాది కూడా ఉన్నది. అచ్చుకు ముందు నమూనా చూపాలని మేము పట్టుబట్టలే, ఫోన్ల సరే అన్నం. చివరికి పంచాయితీ అయితే 12 టీషర్టులు మళ్ల వేసి ఇచ్చిండు, మిగిలిన 12 అట్లనే ఉన్నయి. అంటే ఒక్కొక్కని దగ్గర రెండు టీషర్టులు, ఒకటి మాదిగ, ఒకటి జానపద. తీర్మానం ఒకటైతే బట్టలు రెండైనయి.

మొదట్ల నలుగురూ పట్నం పోయేటప్పుడు రెండోది తొడిగేటోళ్లు. మేము ఏం అనలే. తర్వాత ఒక ఫంక్షన్ హాలు నుంచి ఫోన్ వచ్చింది. ఇంతకు ముందు మా కొట్టుడు విన్నరు, నచ్చింది. "ఆ ఇంకో టీషర్టు వేసుకొని రాండ్రి" అన్నరు. ఎందుకని అడిగితే చెప్పరు. మేము రేటు చెప్పి, మాకు నచ్చిన టీషర్టు తొడుక్కొని వస్తమని చెప్పినం. సరే ఆలోచించి చేస్తమన్నరు, చేయలేదు. ఆ నలుగురిల్ల ఇద్దరు ఆ రోజు నుంచి జానపద టీషర్టును పొలం పనికి తొడుగుతున్నరు. మిగిలిన ఇద్దరు ఇంకా పట్నానికి అదే తొడుగుతరు. వాళ్లు మా తోటే కొడుతున్నరు, కూలి సమానంగనే పంచుకుంటున్నం.

ఊర్లె సంగతి ఏమైందంటే, పెద్దమనిషి ఇంట్ల చావైంది. జీతగాడు పాత పద్ధతిల వాడ మొగదలకు వచ్చి కేక వేసిండు. పెద్దనాయన బయటికొచ్చి, "బిడ్డా, నంబరు రాసి ఉన్నది కదా, పటేలుకు చెప్పు" అన్నడు. ఫోన్ రాలేదు. పక్క ఊరి నుంచి డప్పులు తెప్పిచ్చుకున్నరు, మా రేటుల మూడో వంతుకు. మా పిల్లలకు రక్తం ఉడికింది. ఆ మేళపోళ్లను దారిల నిలబెట్టి అడుగుతమన్నరు. వద్దన్నం. వచ్చినోళ్లు ఎవరు? మనోళ్లే. మా మేనత్త కొడుకులే. మన ఆకలిని మన మీదికి ఉసిగొల్పుడు పెత్తందార్లకు వెయ్యేండ్ల విద్య. చావు అయిపోయినంక అడ్డ రోడ్డు హోటల్ల వాళ్లతో కూసొని చాయ్ తాగినం. వాళ్ల కట్లెపెట్టె మీద రెండు వందల నోట్లు లెక్కబెట్టుకుంటుంటే మాకు బాధ అయింది, వాళ్లకు సిగ్గు అయింది. "బావా, ఈ టీషర్టు ఏడ చేయించిండ్రు?" అని వాళ్లే అడిగిండ్రు.

అక్కడ నుంచి మాట ముందుకు పోయింది. మూడు ఊర్ల మేళాలు కలిసి చావుకు ఒక రేటు, పెండ్లికి ఒక రేటు రాసుకున్నం. పైసల్లేని ఇంట్ల చావైతే, ఏ కులమైనా, రేటు లేదు, అది మా ఇష్టం మీద. ఒక ఊరోళ్లు వద్దన్న పనికి ఇంకో ఊరోళ్లు తక్కువకు పోవద్దు. ఎవరినైనా వెలి పేరు మీద బెదిరిస్తే మూడు ఊర్లు కలిసి స్టేషన్‌కు పోవాలె, 2015 సవరణ కాయితం జేబుల పెట్టుకొని. ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఏండ్లు నిండిన డప్పు కళాకారులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నరు. డప్పు కొట్టుడు ఒక పని అని, కొట్టేటోడు కళాకారుడని అక్కడి సర్కారు కాయితం మీద ఒప్పుకున్నది. ఇక్కడ ఎందుకు ఒప్పుకోదని అడగనీకి కూడా మూడు ఊర్లు కలవాలె.

రెండో ఆర్డరు 60 టీషర్టులు. స్క్రీన్ ఖర్చు పంచుకుంటే తక్కువ పడతది. ఈసారి పట్నం దుకాణానికి ఇయ్యలే. మా వాడ పిల్లగాడొకడు హైదరాబాదుల అచ్చు యూనిట్ల ఆరేండ్లు పని చేసి వచ్చిండు. ఒక బల్ల, చట్రాలు, రంగులు, ఆరబెట్టే మిషను, వాని పెట్టుబడి అంతే. "పని వస్తది, ఆర్డర్లు ఎవరిస్తరన్నా?" అని అడుగుతున్నడు. ఆ ప్రశ్న ఈ పత్రిక చదివేటోళ్లందరికీ. జయంతికి ఊరూరా నీలం టీషర్టులు అచ్చేయిస్తం కదా, ఆ ఆర్డర్లు ఎవరికి పోతున్నయి? కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకుల 25 శాతం చిన్న యూనిట్ల నుంచి, అందుల 4 శాతం ఎస్సీ ఎస్టీల యూనిట్ల నుంచి కొనాలని నియమం ఉన్నది, 2012 నుంచి ఆ 4 శాతం మాట నడుస్తున్నది. కేంద్ర సంస్థలు మీటింగులకు, ర్యాలీలకు పంచే టీషర్టులు కూడా సరుకే. వాళ్లను అడిగే ముందు మన సంఘాలు తమ లెక్క తాము చూసుకోవాలె.

పిల్లగాడు మొన్న కాయితం మీద నమూనా తీసుకొచ్చిండు. మాట సరిగనే ఉన్నది, మూడు ఊర్లోళ్లు నాలుగేసి సంతకాలు పెట్టినం. కానీ మూడు ఊర్ల పేర్లు, మూడు నంబర్లు వీపు మీద పట్టక అక్షరాలు చిన్నగైనయి, బరాతుల ఎనుక నడిచేటోనికి కనబడవు. ఒక్క నంబరే వేద్దామంటే ఎవరిది వేయాలె అనే కాడ కొట్లాట ఆగింది. ఆదివారం మళ్ల కూసుంటున్నం.